కబురు మనది, దారి ఎవరిది?

2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌ కలెక్టర్‌ కార్యాలయంలో మంటలు రేగి భూముల దస్త్రాలు కాలిపోయినప్పుడు రాష్ట్రమంతా దాన్ని రాజకీయ వార్తగానే చదివింది. మరునాడే డీజీపీ హెలికాప్టర్‌లో రావడం, ఇది ప్రమాదం కాకపోవచ్చునన్న అనుమానం వ్యక్తం కావడం, దర్యాప్తు సీఐడీ చేతికి వెళ్లడం పాఠకులకు గుర్తుండే ఉంటాయి. నేరం ఎవరిదో తేల్చవలసింది న్యాయస్థానాలు. ఆ చర్చ ఇక్కడ అనవసరం. నన్ను కలవరపెట్టిన ప్రశ్న వేరు. కాలిన వాటిలో అసైన్డ్‌ భూముల దస్త్రాలున్నాయని, 22ఏ నిషేధిత జాబితాకు సంబంధించినవి ఉన్నాయని వార్తలొచ్చాయి. అసైన్డ్‌ భూమి, మా పడమటి మండలాల మాటలో డీకేటీ పట్టా, ప్రధానంగా భూమిలేని దళితుల కోసం, వెనుకబడిన కులాల పేదల కోసం ఏర్పడినది. ఆ భూములు చేతులు మారకూడదని 1977 చట్టం కట్టడి చేసింది. 20 ఏళ్లు దాటినవాటికి 2023 సవరణ ఆ కట్టడిని సడలించింది. సడలిన క్షణం నుంచి బీరువాలో మగ్గుతున్న కాగితానికి మార్కెట్‌ ధర పలికింది. ఒక కుటుంబం మూడు తరాల బతుకుకు ఆధారమైన కాగితపు అసలు ప్రతి ఒకే కార్యాలయంలో, ఒకే బీరువాలో, ఇతరుల తాళం కింద ఉండడమే అసలు ప్రమాదమని అనుకుంటున్నాను. అగ్గి దాని తర్వాతి సంగతి.

ఆ బీరువాకు ప్రత్యామ్నాయం ఏముందని అడిగితే కురబలకోటలోనైనా, పుంగనూరులోనైనా, కుప్పంలోనైనా సంఘ కార్యకర్త జేబులోంచి ఫోను తీసి చూపిస్తాడు. పట్టా పాసుపుస్తకం ఫొటోలు, తహసీల్దారుకిచ్చిన అర్జీ నకలు, అట్రాసిటీ కేసులో సాక్షుల పేర్లు, అంబేడ్కర్‌ జయంతి చందాల లెక్క, ధర్నాకు ఎవరెవరు వస్తారన్న జాబితా, అన్నీ వాట్సాప్‌ గ్రూపులోనే ఉన్నాయి. నేడు మన బహుజన సంఘాలకు కార్యాలయం అదే, దస్త్రాల గది అదే, కోశాగారం కూడా అదే. అయితే ఆ గది తాళం అమెరికాలోని ఒక సంస్థ దగ్గర ఉంది. సబ్‌ కలెక్టర్‌ కార్యాలయపు బీరువాను నమ్మలేనివాళ్లం, ఈ బీరువాను ఎందుకు ఇంత నిశ్చింతగా నమ్ముతున్నాం?

కబురు ఎవరు మోస్తారు, కబురు ఎవరిది అన్న ప్రశ్న కుల చరిత్రలో కొత్తది కాదు. ఊరిలో పలక కొట్టి చాటింపు వేసింది మాదిగలు. పొరుగూళ్లకు చావు కబురు మోసింది మాల, మాదిగ వెట్టివాళ్లు. ఎండలో, వానలో, కూలి లేకుండా, ఒక్కోసారి చేరవలసిన ఇంటి గడప కూడా ఎక్కకుండా ఆ కబుర్లు మోశారు. ఊరి సమాచార వ్యవస్థ మొత్తం వారి కాళ్ల మీద నడిచింది. కానీ ఏం చాటాలో నిర్ణయించే హక్కు వారికి లేదు. చేతిలోని చీటీని చదవగలిగే చదువును కూడా ధర్మం పేరుతో నిషేధించారు. మోసేవాడికి అర్థం కాని సందేశం అన్న భావనను ఆధునిక గణితం కనిపెట్టిందని అంటారు. కులం దానిని ఏ గణితమూ లేకుండానే వందల ఏళ్లు నడిపింది.

అందుకే దళిత ఉద్యమాల తొలి పోరాటాల్లో మాధ్యమం మీద యాజమాన్యం కోసం జరిగిన పోరాటం ఒకటి. 1920 జనవరిలో అంబేడ్కర్‌ ‘మూక్‌నాయక్‌’ ప్రారంభించినప్పుడు, డబ్బు తీసుకుని దాని ప్రకటన వేయడానికి కూడా ‘కేసరి’ పత్రిక ఒప్పుకోలేదు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో ‘భాగ్యనగర్‌’ పత్రిక పెట్టింది ఇటువంటి అవసరంతోనే. కారంచేడు తర్వాతి సంవత్సరాల్లో ‘నలుపు’, ‘ఏకలవ్య’ వంటి పత్రికలు రావడం వెనుక ఉన్నదీ అదే ఎరుక. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన ఉద్యమం ‘దండోరా’ అన్న పేరును ఎత్తుకోవడం ఇంకా పదునైన చర్య. మోత మాదే అయినప్పుడు మాట కూడా మాదే కావాలన్న ప్రకటన అది. అచ్చు యంత్రం దగ్గర, పలక దగ్గర ఇంత స్పష్టంగా అడిగిన ప్రశ్నను ఫోను దగ్గరికి వచ్చేసరికి మనం అడగడం మానేశాం.

ఇక్కడ సాంకేతిక విషయం కొంత చెప్పుకోక తప్పదు. విద్యార్థులకు తెలిసినదే కావచ్చు, రాజకీయ కార్యకర్తల కోసం చెబుతున్నాను. ఫోన్‌పే ఉన్నవారు గూగుల్‌ పే ఉన్నవారికి డబ్బు పంపగలరు. రెండు యాప్‌లూ యూపీఐ అనే ఒకే నియమావళిని పాటిస్తాయి గనుక అది సాధ్యం. ఈమెయిల్‌ కూడా అంతే; ఎవరి సంస్థ మెయిల్‌ వారిది, ఉత్తరం మాత్రం ఎక్కడికైనా పోతుంది. ఇటువంటి ఉమ్మడి నియమావళినే ప్రోటోకాల్‌ అంటారు. అందరూ చదవగలిగేలా, ఎవరైనా అనుసరించగలిగేలా ప్రచురిస్తే అది ఓపెన్‌ ప్రోటోకాల్‌. సందేశాలకూ అటువంటివి ఉన్నాయి. 1999లో జాబర్‌ పేరుతో మొదలైన ఎక్స్‌ఎంపీపీ ఒకటి, 2014లో వచ్చిన మ్యాట్రిక్స్‌ మరొకటి. యూపీఐకి మధ్యలో ఎన్‌పీసీఐ అనే కేంద్రం ఉంది. వీటికి అది కూడా లేదు. ఏ సంఘమైనా తన సొంత సర్వర్‌ పెట్టుకుని, పొరుగు సంఘం సర్వర్‌తో మాట్లాడవచ్చు. మ్యాట్రిక్స్‌లో ఒక చర్చా గదిలో నాలుగు సంఘాలు ఉంటే ఆ గది చరిత్ర నాలుగు సర్వర్లలోనూ నిలుస్తుంది. ఒకటి కాలిపోయినా, మూతపడినా, ఎవరో మూయించినా మిగిలిన మూడింటిలో గది కొనసాగుతుంది. మదనపల్లె బీరువాకు లేని గుణం ఇదే.

రెండో గుణం గోప్యలిపి, అంటే ఎన్‌క్రిప్షన్‌. సందేశం పంపినవారి ఫోనులో తాళం పడి, అందుకున్నవారి ఫోనులోనే తెరుచుకుంటుంది. నడుమ మోసేవారికి చిక్కు అక్షరాలే కనిపిస్తాయి. వాట్సాప్‌లో ఈ ఏర్పాటు 2016 ఏప్రిల్‌ నుంచి ఉంది కదా, ఇంకేం కావాలని చాలామంది అడుగుతారు. వాట్సాప్‌ దాచేది మాటను మాత్రమే. ఎవరు, ఎవరితో, ఏ వేళ, ఎన్నిసార్లు, ఏ గ్రూపులో అన్న వివరాలు ఆ కంపెనీకి తెలుస్తాయి. కులం విషయంలో ఈ వివరాలే చాలు. కులాంతర వివాహం చేసుకోబోయే అమ్మాయి ఏం రాసిందో తెలియనక్కరలేదు, ఎవరికి రాసిందో తెలిస్తే ప్రాణం పోతుంది. అట్రాసిటీ ఫిర్యాదుకు ముందు రాత్రి బాధితుడు ఏ న్యాయవాదిని సంప్రదించాడో తెలిస్తే తెల్లవారేసరికి రాజీ పెద్దలు ఇంటికి వస్తారు.

పైగా వాట్సాప్‌లో మనిషి అంటే ఫోన్‌ నంబరు. గ్రూపులో చేరిన ప్రతివారి నంబరూ సాటి సభ్యులందరికీ కనబడుతుంది. ఈ మధ్య కురబలకోట మండలంలో కొందరు దళిత, వెనుకబడిన కులాల విద్యార్థులు తమ చర్చా సమావేశానికి నన్ను పిలిచారు. సంఘంలో ఆడపిల్లలు ఎందుకు లేరని అడిగాను. ఉన్నారు సార్‌, గ్రూపులో లేరు అన్నారు. గ్రూపులో చేరితే నంబరు బయటపడుతుంది, ఆ నంబరు ఎవరెవరి చేతికి పోతుందో చెప్పలేమని ఇళ్లలో ఒప్పుకోవడం లేదట. నిర్ణయాలన్నీ గ్రూపులోనే జరుగుతాయి గనుక ఆ నిర్ణయాల్లో వారు లేరు. స్త్రీల భాగస్వామ్యం గురించి మనం రాసే వ్యాసాలన్నింటికంటే ఈ చిన్న సాంకేతిక అడ్డంకి బలమైనది. మ్యాట్రిక్స్‌ ఖాతాకు ఫోన్‌ నంబరు తప్పనిసరి కాదు. సిగ్నల్‌ కూడా 2024 నుంచి నంబరును దాచి పేరుతో సంప్రదించే వీలు ఇచ్చింది, దానికి కేంద్రం ఒక్కటే అయినా.

ప్రభుత్వం పోతున్న దిశ దీనికి విరుద్ధంగా ఉంది. సందేశాల యాప్‌లు ఫోనులో ఆ సిమ్‌ ఉంటే తప్ప పనిచేయకూడదని 2025 నవంబర్‌ 28న టెలికాం శాఖ ఆదేశించింది. సైబర్‌ మోసాలను అరికట్టడం ఉద్దేశమన్నారు. ఆ మోసాలు నిజమే. అయితే మా ప్రాంతం నుంచి, కడప వైపు నుంచి కువైట్‌ ఇళ్లలో పనికి వెళ్లిన స్త్రీలు అక్కడి సిమ్‌ వేసుకుని ఇక్కడి నంబరు వాట్సాప్‌తోనే పిల్లలతో మాట్లాడతారు. యజమాని కొడితే చెప్పుకునే దారి కూడా అదే. ఆ ఆదేశం అక్షరాలా అమలైతే తెగిపోయేది ఎవరి దారి అన్నది ఢిల్లీ లెక్కలో లేదు.

అంతకు ముందు, 2023 మేలో కేంద్రం ఐటీ చట్టం 69ఏ కింద 14 సందేశాల యాప్‌లను నిషేధించింది. జమ్మూ కశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారన్నది కారణం. ఆ జాబితాలో మ్యాట్రిక్స్‌ను వాడుకునే ఎలిమెంట్‌ ఉంది. ఇంటర్నెట్‌ లేకపోయినా పక్కపక్క ఫోన్ల మధ్య సందేశం నడిపే బ్రయర్‌ ఉంది. ఇవి రెండూ ఎవరైనా పరిశీలించగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ కమ్యూనిటీ ఆఫ్‌ ఇండియా ఈ నిషేధాన్ని బహిరంగంగా వ్యతిరేకించింది. ఫ్రాన్స్‌ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం 2019లో తెచ్చిన ‘చాప్‌’ మ్యాట్రిక్స్‌ మీదే నడుస్తుంది. జర్మనీ సైన్యం అంతర్గత సందేశాలకూ ఆధారం అదే. రాజ్యాలు తమ రహస్యాల కోసం ఎంచుకున్న పనిముట్టు పౌరుల చేతిలో ఉంటే ప్రమాదకరమైనది అయిపోతుంది. ఎవరి రహస్యం గౌరవనీయం, ఎవరి రహస్యం కుట్ర అన్నది నిర్ణయించే ఆ చూపును దళితులు బాగా ఎరుగుదురు.

ఆ చూపుకు సాక్ష్యం వెతకడానికి దూరం పోనక్కరలేదు. పెగాసస్‌ నిఘాకు గురయ్యారని 2019లో వాట్సాప్‌ హెచ్చరించిన భారతీయుల్లో ఆనంద్‌ తేల్‌తుంబ్డే ఒకరు. మరుసటి ఏడాది ఏప్రిల్‌ 14న, అంబేడ్కర్‌ జయంతి నాడే, భీమా కోరెగావ్‌ కేసులో ఆయన అరెస్టయ్యారు. పెగాసస్‌ అమ్మిన ఎన్‌ఎస్‌ఓ సంస్థ వాట్సాప్‌కు భారీ పరిహారం చెల్లించాలని 2025 మేలో అమెరికాలో జ్యూరీ తేల్చింది. నిఘాకు గురైనవారికి ఇక్కడ దక్కినది ఏమీ లేదు. తెలంగాణలో 2024 మార్చి నుంచి నడుస్తున్న ఫోన్‌ ట్యాపింగ్‌ కేసు చూస్తే ఈ జాడ్యానికి పార్టీ భేదం లేదని కూడా తెలుస్తుంది. పెగాసస్‌ తాళాన్ని పగలగొట్టలేదు. ఫోనులోకే దూరి, తాళం తీసిన తర్వాత చదివింది. కనుక గోప్యలిపి ఉంటే చాలు, ఇక ఏ భయమూ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఒక్కొక్కరి ఫోనులోకి దూరాలంటే ఖర్చవుతుంది, గురి చూసుకోవాలి. ఊరందరి మాటలూ ఒకేసారి వినడం మాత్రం కుదరదు. పేదల ఉద్యమాలకు ఆ తేడా చాలా ముఖ్యం.

ఇప్పుడు అసలైన అభ్యంతరానికి వద్దాం. ఈ గోప్యత దళితులను తిట్టేవారికీ దక్కుతుంది కదా? 2022 మే 24న అమలాపురం తగలబడింది. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్‌ పేరు పెట్టడాన్ని సహించలేని మూక ఒక దళిత మంత్రి ఇంటిని, ఒక వెనుకబడిన కులాల ఎమ్మెల్యే ఇంటిని కాల్చింది. ఆ సమీకరణలో వాట్సాప్‌ గ్రూపుల పాత్ర ఉందని పోలీసులే చెప్పారు. అటువంటప్పుడు ప్రతి సందేశానికీ తొలి కర్త ఎవరో చెప్పగలగాలన్న 2021 ఐటీ నిబంధన దళితులకు మేలే కదా అని మిత్రులు కొందరు వాదిస్తారు. వాట్సాప్‌ దానిని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. గోప్యలిపిని విరగ్గొట్టమంటే దేశం విడిచిపోతామని 2024 ఏప్రిల్‌లో వాదించింది. ఒక బహుళజాతి సంస్థ బెదిరింపును నేను భుజాన వేసుకోను. కానీ మిత్రుల వాదన కూడా నిలవదు.

కులదూషణ కేసుల్లో ఆధారం దొరకక శిక్ష పడడం లేదా? గోప్యలిపి సందేశం అందుకున్నవారి ఫోనులో శుభ్రంగా కనిపిస్తుంది. గ్రూపులో వంద మంది ఉంటే వంద ప్రతులు ఉంటాయి. భారతీయ సాక్ష్య అధినియమ్‌ 63వ సెక్షన్‌ ప్రకారం ధ్రువపత్రం జతచేసి ఆ ఫోనునే సాక్ష్యంగా పెట్టవచ్చు. ఆన్‌లైన్‌ దూషణకు కూడా అట్రాసిటీ చట్టం వర్తిస్తుందని కేరళ హైకోర్టు 2022లోనే చెప్పింది. లోపం ఠాణా దగ్గర ఉంది. ప్రాథమిక విచారణ అవసరం లేదని 18ఏ సెక్షన్‌ చెబుతున్నా విచారణ పేరుతో రోజులు గడుపుతారు. విధి నిర్వహణలో నిర్లక్ష్యాన్ని శిక్షించే 4వ సెక్షన్‌ పుస్తకంలోనే ఉంటుంది. ఎదురుగా నిలబడి పేరు చెబుతున్న బాధితుడి ఫిర్యాదును నమోదు చేయని వ్యవస్థ, తొలి సందేశ కర్తను కనిపెట్టే యంత్రం చేతికిస్తే దానిని మొదట ఎవరి మీద ప్రయోగిస్తుంది? అమలాపురం మంటల తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్‌ ఆపేశారు. కాల్చినవారితో పాటు, దాడికి భయపడి బంధువులకు కబురు పెట్టదలచిన దళితవాడల నోరు కూడా మూతపడింది.

వికేంద్రీకరణ అన్న మాట వినగానే సంబరపడేవారితో కూడా నాకు పేచీ ఉంది. పల్లెను స్వతంత్ర గణరాజ్యంగా కీర్తించినవారిని రాజ్యాంగ సభలో 1948 నవంబర్‌ 4న అంబేడ్కర్‌ ఎంత తీవ్రంగా ఖండించారో తెలిసిందే. అధికారం ఊరికి దిగిరావడమంటే ఊరి పెత్తందారు చేతికి చేరడమేనని ఆయనకు అనుభవం నేర్పింది. ఊరూరా సర్వర్‌ పెడితే అది ఎవరి ఇంట్లో ఉంటుంది? కురబలకోట పేరులో కురబలు ఉన్నారు. పేరులో ఉన్నవారి చేతిలోనే కోటలు ఉంటాయా? వాట్సాప్‌ గ్రూపులోనైనా అడ్మిన్‌ ఎవరో గమనించండి. చాలా బహుజన సంఘాల్లో అడ్మిన్‌ చదువుకున్న పురుషుడు, ఉద్యోగి, ఆ సంఘంలోని కులాల్లో కాస్త పైమెట్టు మీద ఉన్నవాడు. రేపు సర్వర్‌ వచ్చినా అతనే దానికి కరణం అవుతాడు. మ్యాట్రిక్స్‌లో మాట దాగినా గది పేరు, సభ్యుల జాబితా సర్వర్‌ నడిపేవారికి కనిపిస్తాయి.

అయినా నేను ఈ పద్ధతి వైపే మొగ్గడానికి కారణం, ఇందులో విడిపోయే హక్కు ఉంది. వాట్సాప్‌ను వదిలితే బంధువులందరినీ వదిలినట్టే. ఇక్కడ ఒక సర్వర్‌ పెత్తనం నచ్చని సంఘం సొంత సర్వర్‌ పెట్టుకుని, ఉమ్మడి గదిలో మళ్లీ కూర్చోగలదు. పాత ఖాతాను అలాగే మోసుకుపోలేదు గాని, సంబంధాలను నిలుపుకోగలదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పుతో, ఆపై రెండు రాష్ట్రాల్లో వచ్చిన వర్గీకరణతో మాల, మాదిగ సంఘాల మధ్య మాటలు కరువయ్యాయి. వారిని ఒకే గ్రూపులో, ఒకే అడ్మిన్‌ కింద కూర్చోబెట్టాలని చూసిన ప్రయత్నాలు నేను చూస్తుండగానే విఫలమయ్యాయి. ఎవరి ఇల్లు వారిది, అట్రాసిటీ కేసులకు, భూమి కేసులకు మాత్రం ఉమ్మడి పందిరి ఒకటి, ఆ పందిరిలో జరిగినదాని పూర్తి ప్రతి అందరి దగ్గరా. ఐక్యత పేరుతో ఒకరిలో ఒకరు కలిసిపోవాలని అడగని ఈ ఏర్పాటు, ఇప్పటి పరిస్థితిలో రాజకీయంగా కూడా అనుసరించదగినది.

స్వదేశీ యాప్‌ ఉంది కదా అన్నవారికి ఒక్క మాట. 2025 సెప్టెంబర్‌, అక్టోబర్‌ నెలల్లో జోహో వారి ‘అరట్టై’ మీద దేశం ఎగబడినప్పుడు, అందులో రాతపూర్వక సందేశాలకు పూర్తి గోప్యలిపి లేదు. తాళం విదేశీయుడి దగ్గర నుంచి స్వదేశీ కంపెనీకి మారితే అది మన చేతికి వచ్చినట్టు కాదు.

ఆచరణలో కష్టాలు చాలా ఉన్నాయి. తాళం సంకేతాలు పోగొట్టుకుంటే పాత సందేశాలు తెరుచుకోవు. ఫోను పగిలిన ప్రతిసారీ ఎవరో ఒకరికి ఈ గతి పడుతుంది. తెలుగులో సూచనలు అరకొరగా ఉంటాయి. సర్వర్‌ అద్దె సంఘం భరించలేనంత కాదు గాని, దానిని నిత్యం చూసుకోవడం చాకిరీ, ఆ చాకిరీకి మనిషి కావాలి. మనుషులు లేరని మాత్రం నేను ఒప్పుకోను. అంగళ్లు చుట్టుపక్కల ఇంజనీరింగ్‌ చదివిన దళిత, బీసీ పిల్లలు మూడు గంటల ప్రయాణం చేసి బెంగళూరు చేరి, పరాయి కంపెనీల సర్వర్లను రాత్రింబవళ్లు కాపలా కాస్తున్నారు. హైదరాబాద్‌ కేంద్రంగా ‘స్వేచ్ఛ’ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ సంస్థ ఏళ్లుగా పనిచేస్తోంది. చట్టపరంగా చూస్తే, తొలి కర్తను చెప్పాలన్న నిబంధన 50 లక్షలకు పైబడిన వాడకందారులున్న వేదికలకే వర్తిస్తుంది. సంఘం నడిపే చిన్న సర్వర్‌ దాని పరిధిలోకి రాదు. 69వ సెక్షన్‌ కింద ప్రభుత్వం ఆదేశాలివ్వవచ్చు, ఆ సంగతి తెలిసే దిగాలి.

అన్నీ ఒక్కరోజులో మార్చమని నేను ఎవరికీ చెప్పను. బహిరంగ సభ పిలుపు వాట్సాప్‌లో వెళ్లాలి, ఫేస్‌బుక్‌లోనూ వెళ్లాలి. దండోరాకు రహస్యం అక్కరలేదు. మార్చవలసినవి మూడు: కేసుల సంప్రదింపులు, భూమి కాగితాల ప్రతులు, ఆపదలో ఉన్న జంటల సమాచారం. కురబలకోట విద్యార్థులు ఈ మూడింటితోనే మొదలుపెడతామన్నారు. అయితే సర్వర్‌ రహస్య సంకేతం ఎవరి దగ్గర ఉండాలన్నదగ్గర చర్చ ఆగింది. ముగ్గురికి ఇవ్వాలి, ముగ్గురూ ఒకే కులం కారాదు, ఒక్కరైనా స్త్రీ కావాలి అని ఒక బీఎస్సీ విద్యార్థిని ప్రతిపాదించింది. సంఘం అధ్యక్షుడు ఆలోచించి చెబుతానన్నాడు. రెండు వారాలైంది, ఇంకా చెప్పలేదు.